చిన్న బుడగ ఎటు పోయింది?

మన బడి సంచికకు ఏదో ఒకటి రాసిమ్మని కమిటీ నుంచి మూడోసారి ఫోన్ వచ్చింది. "రెండు పేజీలు చాలు, కాస్త బడి గురించి, కాస్త నీ పని గురించి" అన్నారు. రెండూ విడివిడిగా రాద్దామనే కూర్చున్నాను, కుదరలేదు. నా మటుకు నాకు ఆ రెండూ ఒకే పీరియడ్‌లో మొదలయ్యాయి.

ఏ పీరియడో మీకు చెప్పక్కర్లేదు. గొళ్ళెం గొడవ జరిగిన మర్నాడు, మూడో బెంచీని గోడ పక్కకు మార్చిన రోజు. డ్రిల్లు మాస్టారు రాలేదని మన సైన్సు మాస్టారు వరసగా రెండు పీరియడ్లు తీసుకున్నారు. చేతిలో పుస్తకం లేదు. మూడు దారుల కుళాయి బిగించిన గాజు గొట్టం, సిరాబుడ్డి నిండా సబ్బునీళ్ళు తెచ్చారు.

గొట్టం ఒక కొసన పెద్ద బుడగ ఊదారు, రెండో కొసన గోళీకాయంత చిన్నది. మధ్యలో కుళాయి మూసి ఉంది. "ఇప్పుడు కుళాయి తిప్పి రెండింటినీ కలిపితే ఏమవుతుంది?" అని అడిగారు. బోర్డు మీద మూడు గీతలు గీసి చేతులెత్తమన్నారు. లెక్క రాసింది మనమంతా 'గొడుగు' అని పిలిచే మన క్లాస్‌మేట్. పెద్దదాంట్లో గాలి చిన్నదాంట్లోకి వచ్చి రెండూ సమానమవుతాయని క్లాసు దాదాపు మొత్తం చేతులెత్తింది, నేను కూడా. చిన్నదే పెద్దదాంట్లోకి పోతుందని ఎత్తిన చెయ్యి ఒక్కటే. ఎవరిదో మీకు గుర్తుంది. ఆ సంవత్సరమంతా ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పింది లేదు.

మాస్టారు కుళాయి తిప్పారు. చిన్న బుడగ ఇంకా చిన్నదై, చదునై, కనబడకుండా పోయింది. పెద్దది కాస్త పెరిగింది.

మూడో బెంచీ ఒప్పుకోలేదు. మాస్టారే వెనక నుంచి ఊదారన్నారు. ఆయన నవ్వి, వాళ్ళనే పిలిచి కుళాయి తిప్పించారు. మూడుసార్లు తిప్పినా అంతే. అప్పుడు కూడా ఆయన కారణం చెప్పలేదు. "కళ్ళతో చూశారుగా, ఇక ఎందుకో వెతకండి" అని వెళ్ళిపోయారు. మూడు రోజుల తరవాత గానీ చెప్పలేదు. బుడగ ఎంత చిన్నదైతే దాని పొర అంత ఎక్కువ వంగి ఉంటుంది, లోపలి గాలిని అంత గట్టిగా నొక్కుతుంది. వ్యాసార్థం సగమైతే ఒత్తిడి రెట్టింపవుతుంది. అందుకే చిన్నదాంట్లో గాలి పెద్దదాంట్లోకి పారిపోయింది.

నేను లేచి, "మరి చిన్న బుడగ పోకుండా ఎలా ఆపాలి మాస్టారూ?" అని అడిగాను. "కుళాయి మూస్తే ఆగుతుందమ్మా" అన్నారు. "మూయకుండా?" అన్నాను. ఆయన చాక్‌పీసు చేతిలో తిప్పుకుంటూ చాలాసేపు కిటికీ వైపు చూసి, "నాకు తెలియదు. నువ్వు కనుక్కుని నాకు చెప్పు" అన్నారు. ఒక మాస్టారు క్లాసులో నిలబడి తెలియదని చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

ఆ తరవాత వార్షికోత్సవం, నాటకంలో తెర పడిపోవడం, పరీక్షలు, వీడ్కోలు ఫొటో. అవన్నీ మిగతావాళ్ళు రాస్తారు. కాలేజీ గురించీ, మెడిసిన్ చదివిన ఏళ్ళ గురించీ ఇక్కడ నేను చెప్పాల్సింది ఏమీ లేదు. నేరుగా పీజీ మొదటి నెలలో ఒక రాత్రి డ్యూటీకి వస్తాను.

ముప్ఫై వారాలకే పుట్టిన బిడ్డ, 1200 గ్రాములు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నాయి. వదిలినప్పుడల్లా సన్నగా మూలుగు. మా సీనియర్ కేస్‌షీట్ వెనక పెన్నుతో రెండు గుండ్రాలు గీశారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో గొట్టం. "ఊపిరితిత్తుల్లో గాలిగదులు ఇలా ఉంటాయి. చిన్నవి మూసుకుపోతున్నాయి. ప్రతి ఊపిరికీ ఈ బిడ్డ వాటిని మళ్ళీ మొదటి నుంచి తెరుచుకోవాల్సి వస్తోంది" అన్నారు. నాకు ఆ వార్డులో సబ్బునీళ్ళ వాసన వచ్చింది. నిజంగా వచ్చింది.

ఉన్న ఒక్క వెంటిలేటర్ మీద ఇంకో బిడ్డ ఉంది. మా దగ్గర మిగిలింది ఆక్సిజన్ మాత్రమే. రెండో రోజు తెల్లవారేసరికి ఆ బిడ్డ మూలుగు ఆగిపోయింది. అలసిపోయి ఆగిపోయింది. ఆ తల్లికి ఆ మాట చెప్పిన వరండా నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

మాస్టారికి తెలియని జవాబు లైబ్రరీలో దొరికింది. మనం బడిలో చేరకముందే దాన్ని కనుక్కున్నారు. ఊపిరితిత్తుల్లోని ద్రవాన్ని పలచటి పొరగా పరిచి, ఆ పొరను కుదిస్తే తలతన్యత, అంటే పొరను ముడుచుకునేలా లాగే బలం, బాగా పడిపోతుందని జాన్ క్లెమెంట్స్ 1957లో చూపించారు. అంటే గాలిగది చిన్నదవుతున్నకొద్దీ దాని గోడ మీది ద్రవంలో ఉండే సర్ఫాక్టెంట్ అనే పదార్థపు అణువులు దగ్గరదగ్గరగా ఒత్తుకుని, ముడుచుకుపోయే బలాన్ని తగ్గించేస్తాయి. కుళాయి మూయక్కర్లేదు, చిన్న బుడగ నిలబడుతుంది! నెలలు నిండని పిల్లల్లో ఆ పదార్థం ఇంకా చాలినంత తయారై ఉండదు. ఊపిరాడక చనిపోయిన పసిపిల్లల ఊపిరితిత్తుల్లో అదే లోపించిందని మేరీ ఎలెన్ ఎవరీ, జెరి మీడ్ 1959లో తేల్చారు. కారణం తెలిశాక కూడా వైద్యం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఐదున్నర వారాల ముందు పుట్టిన కొడుకు పాట్రిక్ ఈ జబ్బుతోనే 39 గంటలకు చనిపోయాడు. ఆవుల ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను జపాన్‌లో ఫుజివారా పది మంది పిల్లలకు ఇచ్చి ఫలితం చూపించింది 1980లో.

నేను మొదటిసారి ఇచ్చిన రోజు చెబుతాను. చిన్న సీసాలో పాలలాంటి తెల్లటి ద్రవం. ఫ్రిజ్‌లోంచి తీసి అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరచాలి, కుదపకూడదు. సిస్టర్ మానిటర్ చూస్తోంది. బిడ్డ శ్వాసనాళంలోకి వేసిన గొట్టంలోంచి మెల్లగా పంపాను. మొదట శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, కాస్త పడింది, నా చేతులు చల్లబడ్డాయి. తరవాత ఎక్కడం మొదలుపెట్టింది. ఎనభై శాతం పెట్టిన ఆక్సిజన్‌ను గంటలో ముప్ఫైకి దించాం. లోపలికి లాక్కుపోతున్న ఛాతీ మామూలుగా లేచి దిగుతోంది. బుడగ నిలబడింది.

ఆ రాత్రే మాస్టారికి ఉత్తరం రాశాను. కుళాయి మూయకుండా ఎలా ఆపాలో కనుక్కున్నామని, కనుక్కుంది నేను కాదని, చేత్తో ఇచ్చింది మాత్రం నేనేనని. పది రోజులకు జవాబు వచ్చింది. సంతోషమనీ, ఆశీస్సులనీ రెండు ముక్కలు రాసి, కింద ఒక ప్రశ్న పెట్టారు. "గాజు గొట్టం మీది బుడగలు విడివిడిగా ఉంటాయమ్మా. ఊపిరితిత్తుల్లో గదులు పక్కపక్కనే గోడలు పంచుకుని ఉంటాయి కదా, ఒకటి ముడుచుకుంటుంటే పక్కది లాగి పట్టుకోదూ?"

నాకు ఒళ్ళు జలదరించింది. ఊపిరితిత్తుల పరిశోధకులు తలలు పట్టుకున్న ప్రశ్న అది. జెరి మీడ్, ఆయన సహచరులు 1970లో సరిగ్గా ఈ సంగతే లెక్క కట్టి చూపించారు. పక్క గదుల గోడలు చుట్టూ లాగిపట్టి కూలనివ్వవని, రెండు బుడగల బొమ్మ సగం నిజమేనని. ఆ వ్యాసం ఉన్నట్టు మాస్టారికి తెలిసే అవకాశమే లేదు. ఆయన కూర్చుని ఆలోచించారు, అంతే. నేను పరిశోధన వైపు వెళ్ళడానికి ఎవరు కారణమని అడిగినవాళ్ళకు నేను చూపించేది ఆ ఉత్తరమే.

నా పరిశోధన కూడా బుడగల మీదే సాగింది. పసిబిడ్డ మూలుగు బాధ మాత్రమే కాదు. ఊపిరి వదిలేటప్పుడు గొంతు సగం మూసి, లోపల కొంత గాలి నిలుపుకునే ప్రయత్నం అది. అంటే బిడ్డ తన కుళాయి తానే మూసుకుంటోంది. బయటి నుంచి ఆ ఒత్తిడిని మనమే ఆగకుండా ఇస్తే సరిపోతుంది కదా అని 1971లో జార్జ్ గ్రెగరీ బృందం ఇరవై మంది పిల్లలకు ఇచ్చి చూస్తే పదహారు మంది బతికారు. అదే సీపాప్. దాన్ని ఇచ్చే తేలిక పద్ధతిలో ముక్కులో చిన్న గొట్టాలు, అవతలి కొస ఐదు సెంటీమీటర్ల లోతున నీళ్ళ సీసాలో. సీసా బుడబుడమంటూ ఉంటుంది. 1987లో మళ్ళీ ఆ మేరీ ఎలెన్ ఎవరీయే ఎనిమిది కేంద్రాలను పోల్చి చూశారు. ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు అన్నిటికంటే తక్కువ కనబడ్డ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ ఆసుపత్రిలో, వెంటిలేటర్ కంటే ముందు వాడుతున్నది ఈ బుడగల సీపాప్‌నే.

గొట్టం ఐదు సెంటీమీటర్లు మునిగితే బిడ్డ ముక్కు దగ్గర ఒత్తిడి నిజంగా ఐదే ఉంటుందా? నా ప్రశ్న ఇది. సంవత్సరాలు దీని మీద గడిపాను. గాలి ప్రవాహం ఎక్కువ పెడితే ఒత్తిడి నీటి లోతును దాటిపోతుంది. బిడ్డ నోరు తెరిస్తే జారిపోతుంది. సీసా బుడబుడమంటోంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు, ముక్కు దగ్గర కొలవాలి. చిన్న విషయమే. కానీ మా యూనిట్‌లో ప్రతి షిఫ్టులో సిస్టర్లు ఆ కొలత చూసి రాస్తారు. ఆ గడి ఉన్న కాగితం నేను తయారుచేసింది. నా పేరుతో వచ్చిన ఏ వ్యాసం కంటే నాకు ఆ గడి ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు మేం చేసే పని చాలావరకు తగ్గించడమే. ఆక్సిజన్ ఎక్కువైతే కళ్ళు పోతాయి, తక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సన్నటి గీత మీద నడుస్తాం. ఊపిరి మరిచిపోయే పిల్లలకు కెఫీన్ ఇస్తాం. 2006లో వచ్చిన పెద్ద అధ్యయనంలో అది ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బును 47 శాతం నుంచి 36కి దించింది. వీలైనంతవరకు వెంటిలేటర్ పెట్టకుండా, సన్నటి గొట్టంతో సర్ఫాక్టెంట్ ఇచ్చి, సీపాప్ మీదే ఉంచుతాం. 26 వారాలకు 820 గ్రాములతో పుట్టి, అలాగే గట్టెక్కిన అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి రాసింది. ఫోన్ చేసి సైన్సులో ఎన్ని మార్కులు వచ్చాయో ముందు చెప్పి, మిగతావి తరవాత చెప్పింది. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు సొంతంగా యూనిట్లు నడుపుతున్నారు. రాత్రి రెండింటికి ఫోన్ చేసి "మేడమ్, మూలుగు ఆగింది, రంగు బాగుంది" అంటారు. అలా నిద్ర లేవడం నాకు ఇష్టం.

మాస్టారు పోయినప్పుడు నేను రాలేకపోయాను. మీలో చాలామంది వెళ్ళారని, మూడో బెంచీ వాళ్ళే అన్నీ దగ్గరుండి చూసుకున్నారని విన్నాను. ఆ రాత్రి నా దగ్గర కవలలు ఉన్నారు, ఇద్దరికీ సీపాప్. తెల్లవార్లూ రెండు సీసాల మధ్య కూర్చుని ఆ బుడగల చప్పుడు విన్నాను.

కమిటీ వాళ్ళకు ఒక మనవి. ల్యాబ్‌లో కిటికీ పక్క బీరువా, కింది అర. ఆ గాజు గొట్టం ఇంకా అక్కడే ఉంటే కడిగించి ఉంచండి, కుళాయి బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పొద్దు. సబ్బునీళ్ళు నేను తెస్తాను. ఆ రోజు ఒంటరిగా చెయ్యి ఎత్తిన అమ్మాయిని ఎలాగైనా రప్పించండి. ఈసారి కుళాయి తను తిప్పాలి.