మీట నొక్కితేనే పాట

ఆర్కేడ్ రిథమ్ గేమ్‌ల, అంటే గేమ్ సెంటర్లలో పెద్ద మెషీన్ల మీద పాట తాళానికి తగ్గట్టు ఆడే ఆటల, సంగీతం గురించి మాట్లాడితే నేను ముందు చెప్పేది బీట్‌మేనియా గురించే. 1997 చివర్లో జపాన్‌లో కొనామి అనే గేమ్ కంపెనీ దించిన ఆ మెషీన్‌కి ఐదు మీటలు, పక్కన డీజేలు తిప్పేలాంటి ఒక టర్న్‌టేబుల్. అందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఏంటంటే, పాట వెనకాల దానంతటది పూర్తిగా మోగదు, డ్రమ్ దెబ్బ, పియానో స్వరం లాంటి చిన్న చిన్న ముక్కల్ని మీటలకు కట్టేస్తారు, మీరు నొక్కితేనే ఆ ముక్క వినిపిస్తుంది, ఆలస్యమైతే పాటే తడబడుతుంది. అంటే ఆడేవాళ్ల వేళ్లని కూడా లెక్కలోకి తీసుకుని బాణీ కట్టాలి, ఇది మామూలు పని కాదు!

1998లో నేల మీది బాణాల్ని తొక్కుతూ ఆడే డాన్స్ డాన్స్ రెవల్యూషన్ వచ్చాక ఆట చేతుల నుంచి కాళ్లకి మారింది. అందులో లైసెన్స్ తీసుకున్న యూరో డాన్స్ పాటలు ఉండేవి, వాటితో పాటు కొనామి సొంత సంగీతకారులు కట్టినవీ ఉండేవి. వాళ్లలో నవోకి మయేదా అయితే రకరకాల మారుపేర్లతో రాసేవాడు. మరుసటి ఏడాది కొరియా నుంచి అలాంటిదే కాళ్లతో ఆడే పంప్ ఇట్ అప్, 2001లో నామ్కో అనే జపాన్ కంపెనీ నుంచి టైకో (జపాన్ సంప్రదాయ డ్రమ్) వాయించే గేమ్ వచ్చాయి.

ఇంకోపక్క అభిమానులు బీఎమ్ఎస్ అనే ఫైల్ ఫార్మాట్‌లో ఇంట్లోనే సొంత పాటలు కట్టడం మొదలుపెట్టారు. వాళ్లలో కొందరి పాటలు తర్వాత నిజం ఆర్కేడ్ మెషీన్లలోకే ఎక్కాయి, నాకైతే ఈ చరిత్ర మొత్తంలో బాగా ఇష్టమైన మలుపు అదే.