మా ప్రొఫెసర్ కాలికి కరెంటు పెట్టిన రోజు

కెనడాలోని ఎడ్మంటన్‌లో, నరాల స్పందన కొలిచే ల్యాబ్‌లో చేరిన మొదటి వారంలోనే మా ప్రొఫెసర్ ప్యాంటు మోకాళ్ల పైదాకా మడిచి, బల్ల మీద బోర్లా పడుకుని, కరెంటు షాకులిచ్చే స్టిమ్యులేటర్ నా చేతికిచ్చారు. అరవై దాటిన మనిషి. ఆయన పరిశోధన పేపర్లు చదివే నేను ఇంత దూరం వచ్చాను. ఇప్పుడు ఆయన పిక్క మీద వెంట్రుకలు రేజర్‌తో తీసి, గరుకు జెల్ రుద్ది, స్పిరిట్‌తో తుడిచి ఎలక్ట్రోడ్లు అంటించాలి. ఆ తర్వాత మోకాలి వెనక గుంటలో నరం కోసం వెతుక్కుంటూ షాక్ మీద షాక్ ఇవ్వాలి. నేను తటపటాయిస్తుంటే ఆయన అన్నారు: "కొత్తవాళ్లు నరం దొరికేదాకా చాలా షాకులిస్తారు. అవన్నీ బయటి నుంచి మన పరీక్షల కోసం వచ్చినవాళ్లకెందుకు? నాకు తగలనీ."

ఆ రాత్రి ఫోన్‌లో చెబితే మా అమ్మ నల్లగొండ నుంచి ఒకటే అడిగింది. "సారు కాళ్లు ముట్టుకున్నవంటే మంచిదే బిడ్డా. మరి కరెంటు పెట్టుడేంది?"

ఆ కరెంటు సంగతి కొంచెం చెప్పాలి. డాక్టరు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరడం అందరూ చూసే ఉంటారు. 1875లో జర్మనీలో ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు వైద్యులు ఎవరికి వారే దాన్ని గమనించి రాశారు. సుత్తి దెబ్బకి కండరం సాగుతుంది. ఆ కబురు నరం వెంట వెన్నుపాముకి వెళ్తుంది. తిరుగు ఆజ్ఞ అక్కడి నుంచే వచ్చేస్తుంది, మెదడుని అడిగే పని లేదు. దీన్నే రిఫ్లెక్స్ అంటారు. 1910లో పాల్ హాఫ్‌మన్ సుత్తి పక్కన పెట్టి నరానికే కరెంటు ఇచ్చి చూశాడు. హెచ్ రిఫ్లెక్స్ అన్న పేరు ఆయన వల్ల వచ్చిందే. మోకాలి వెనక ఒక్క మిల్లీసెకను షాక్ ఇస్తే స్క్రీన్ మీద రెండు అలలు కనిపిస్తాయి. మొదటిది ఎమ్ అల, షాక్ తగిలిన నరం నుంచి కబురు తిన్నగా కండరానికి చేరడం వల్ల వచ్చేది. రెండోది సుమారు 30 మిల్లీసెకన్లకి వస్తుంది. అది వెన్నుపాము దాకా పోయి తిరిగొచ్చిన హెచ్ అల. మొదటిది మారకుండా రెండోది పెరిగినా తగ్గినా, తేడా వెన్నుపాములో వచ్చిందని మేం లెక్క వేసుకుంటాం.

రిఫ్లెక్స్ అంటే యంత్రం లాంటిదని, ఎప్పుడు మీట నొక్కినా ఒకేలా పని చేస్తుందని నేను కాలేజీలో చదువుకున్నాను. అది నిజం కాదని చూపించిన పనిలో చాలా భాగం ఈ ఊళ్లోనే జరిగింది. 1986లో ఆల్బర్టా యూనివర్సిటీలో కాపడే, స్టైన్ అనే పరిశోధకులు కలిసి మనుషుల్ని నిలబెట్టీ, నడిపించీ కొలిచారు. షాక్ ఒకటే అయినా నిలబడ్డప్పటికంటే నడుస్తున్నప్పుడు హెచ్ అల బాగా చిన్నది. పాదం గాల్లోకి లేచినప్పుడైతే దాదాపు ఉండదు. 1990లో ఇక్కడే ఇంకో బృందం సన్నటి దూలం మీద నడిపించి చూస్తే, మామూలు ట్రెడ్‌మిల్ నడక కంటే అక్కడ అల ఇంకా తగ్గింది. జనవరిలో బస్సు దిగి ఐస్ మీద అడుగులో అడుగు వేస్తున్నప్పుడల్లా నాకు ఆ పేపరే గుర్తొస్తుంది. 1993లో కోపెన్‌హాగెన్‌ వాళ్లు రాయల్ డానిష్ బ్యాలే నర్తకుల్ని పరీక్షిస్తే, బాగా శిక్షణ ఉన్న క్రీడాకారుల కంటే వాళ్లకి ఈ అల చిన్నదిగా ఉంది. ఏళ్ల సాధన వెన్నుపామునే మార్చేసి ఉండొచ్చన్నమాట. మన కూచిపూడి వాళ్ల మీద ఎవరైనా ఈ పని చేస్తే చూడాలని నాకు ఎంత ఆశో!

ప్రొఫెసర్ గారి తర్వాత నా వంతు వచ్చింది. ఇక్కడ పద్ధతి అంతే, ఇంకొకరికి పెట్టే ముందు ప్రతి ఒక్కరూ పెట్టించుకుని తీరాలి. మోచెయ్యి గోడకి తగిలినట్టు జిల్లుమంటుంది, పిక్క దానంతటదే ఎగురుతుంది. ఎలా ఉందని అడిగారు. బాగానే ఉందన్నాను. ఆయన స్క్రీన్ నా వైపు తిప్పారు. ఎమ్ అల ఉన్నచోటే ఉంది, హెచ్ అల మాత్రం ఎక్కుతోంది. "ఎక్కడో బిగబట్టావు. పళ్లా, పిడికిలా?" అన్నారు. రెండూ. చేతులు పెనవేసి గట్టిగా లాగితే మోకాలి ఎగురు పెరుగుతుందని యెండ్రాసిక్ అనే హంగేరీ వైద్యుడు 1880లలోనే చెప్పాడు, నేను ఆస్పత్రిలో రోజూ వాడిన చిట్కానే. నా మీదే కనిపించేసరికి వేరేగా ఉంది.

దీంతో అమ్మ ప్రశ్నకి సగం జవాబు దొరికింది. ఆయన పడుకోవడం మంచితనం ఒక్కటే కాదు, పనిలో భాగం. బల్ల మీదున్న మనిషి భయపడినా, ఓర్చుకుంటున్నా అది కొలతలోకి వచ్చేస్తుంది. ఆ షాక్ ఎలా ఉంటుందో ఒంటికి తెలియనివాళ్లు ఎదుటి మనిషిని స్థిమితపరచలేరు. లండన్‌లో హెన్రీ హెడ్ అనే వైద్యుడు 1903లో తన ముంజేతి నరాన్నే కోయించుకుని, స్పర్శ ఎలా తిరిగొస్తుందో నాలుగేళ్లపాటు పరీక్షింపజేసుకున్నాడు. రోగులు చెప్పింది సరిపోలేదు ఆయనకి.

మిగతా సగమే నన్ను వదల్లేదు. మన దగ్గర నేను పని నేర్చుకున్న ఆస్పత్రిలో ఏ సారూ మా కోసం బల్ల మీద పడుకోలేదు. మేం నేర్చుకున్నది రోగుల ఒంటి మీదే. ఇది రాస్తుంటే బాధగా ఉంది, కానీ ఆ సార్లని తప్పుపట్టడానికి మనసొప్పదు. పొద్దున ఎనిమిదికల్లా వరండా దాటి మెట్ల దాకా క్యూ. ఒక్కో మనిషికి దొరికేది పది నిమిషాలు. ఇక్కడ నేను ఒక్క మనిషితో ఒక పూటంతా గడుపుతాను. ఆ పూట మన సార్లకి ఇచ్చి చూడండి, వాళ్ల చేతులేం చేయగలవో తెలుస్తుంది.

తాటిచెట్టు మీంచి పడి వెన్నుపాము దెబ్బతిన్న గీత కార్మికుడొకాయన రోజూ నా దగ్గరికి వచ్చేవాడు. కాళ్లు బిగుసుకుపోయి, మడమ కింద ఆనించగానే టకటకా కొట్టుకునేవి. ఎంత సాగదీసినా "ఏం కాదు మేడమ్, మీరు చేయుండ్రి" అనేవాడు. ఆయన భార్య మంచం పట్టె పక్కనే నిలబడి ఉండేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నొప్పయితే గిట్ల దుప్పటి పడ్తడు మేడమ్" అని చూపించింది. నిజమే, దుప్పటి అంచు ఆయన గుప్పిట్లో ముద్దయి ఉంది.

ఇక్కడ ఎడ్మంటన్‌లో పరీక్షకి వచ్చేవాళ్లు వీల్‌చెయిర్ బస్సులో ఒక్కరే వస్తారు. పక్కన దుప్పటి చూసేవాళ్లుండరు. అందుకే కాబోలు ఒప్పుకోలు ఫారమ్‌లో అంత స్పష్టంగా రాస్తారు, ఎప్పుడైనా ఆపమనొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మధ్యలో వెళ్లిపోయినా దారిఖర్చులు ఇస్తామని. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ మనవాళ్లు మౌనంగా ఓర్చుకుంటారు, హక్కులు తెలియవు అని ఇక్కడెవరైనా అంటే నాకు కోపం వస్తుంది. మనవాళ్లకి చెప్పడం రాక కాదు. చెప్పకపోయినా చూసుకునే మనిషి ఒకరు పక్కనే ఉంటారు, ఆ ధైర్యం.

మొన్న ఇదే ల్యాబ్‌లో చిన్న వాదన అయింది. ఈ ఊళ్లోనే మిల్ వుడ్స్‌లో కొడుకు దగ్గర ఉంటున్న తెనాలి పిన్నిగారొకావిడ మా పరీక్షకి ఒప్పుకుని వచ్చారు. "పర్లేదమ్మా, కానివ్వు" అంటూనే ఉన్నారు. నాలుగైదు షాకులకే హెచ్ అల ఎక్కడం మొదలైంది. నేను ఆపేశాను. ప్రొఫెసర్ బయటికి పిలిచి, మెత్తగానే అడిగారు. ఆవిడ ఆపమనలేదు కదా, పెద్దావిడ మాటని మనం నమ్మకపోతే అది గౌరవం ఎలా అవుతుంది అని. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. లోపలికి వెళ్తే పిన్నిగారు, "నీకెలా తెలిసిందే, పంటి బిగువున పట్టుకునున్నానని?" అన్నారు. అది ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. కాసేపు ఆలోచించి, ఇద్దరం చెప్పిందీ సరైనదే కావచ్చన్నారు. ఆయన ఊరికే సర్దిచెప్పే మనిషి కాదు, కాబట్టి నేనూ ఇంకా ఆలోచిస్తున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నేను తగ్గను. 2013లో న్యూయార్క్ రాష్ట్రంలోని వోల్పా అనే శాస్త్రవేత్త బృందం గొప్ప పని చేసింది. వెన్నుపాము కొంత దెబ్బతిన్నవాళ్లకి స్క్రీన్ మీద వాళ్ల అల చూపిస్తూ, దాన్ని తగ్గించుకోవడం వారానికి మూడు రోజులు, పది వారాల పాటు నేర్పారు. నేర్చుకోగలిగినవాళ్ల నడక వేగం పెరిగింది. చదివి నేను ఆనందంతో రాత్రి నిద్రపోలేదు. అయినా ఈ రంగమంతా కొలిచేది నడకనే, పది మీటర్లు ఎన్ని సెకన్లలో నడిచారని. నా గీత కార్మికుడు నన్ను మొదట అడిగింది నడక గురించి కాదు. "దొడ్డికి కూసోగల్గుతనా మేడమ్?" అని. ఆ తర్వాత, నలుగురితో కింద కూర్చుని అన్నం తినగలనా అని. గొంతుక్కూర్చుంటే పిక్క ఎంత సాగుతుందో, మడమ నేలకి ఆనించి అలా ఉండగలిగినవాళ్ల వెన్నుపాము అక్కడ ఏం చేస్తుందో కొలిచిన పని కోసం వెతికితే నాకు పెద్దగా ఏమీ దొరకలేదు.

అదే మేం మొదలుపెట్టాం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మోకాలు పూర్తిగా మడిస్తే వెనక గుంట మూసుకుపోయి ఎలక్ట్రోడ్ నలిగిపోతుంది, నరం కూడా పక్కకి జరుగుతుంది. ఎమ్ అల నిలకడగా ఉండట్లేదు. అది నిలవకపోతే హెచ్ అల గురించి ఏం చెప్పినా చెల్లదు. పలచటి ఎలక్ట్రోడ్లు ప్రయత్నించాం, కుదర్లేదు. ఇప్పుడు గుంటకి కాస్త పైన, తొడ వెనక నుంచే నరాన్ని పట్టుకోవచ్చేమో చూస్తున్నాం.