బరంపురం పొడుగు ఇళ్లు: వంటిల్లు, నడవ మనమే బాగుచేసుకోవాలంటే

బరంపురం పాత వీధుల్లో ఇళ్లకు వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలే. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా ఒకటే నడవ, దాని చివర వంటిల్లు. పగలగొట్టిన పెళ్లలు బయటికి పోవాలన్నా, ఇసుక లోపలికి రావాలన్నా, గ్రానైట్ పలక మొయ్యాలన్నా ఈ నడవే దారి. అందుకని పని పెరటి వైపు నుంచి వీధి వైపుకు జరగాలి. నడవలో నిగనిగలాడే టైల్స్ పరిచేసి ఆ తర్వాత వంటింట్లో సుత్తి పట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇనప తట్టలు ఆ టైల్స్ మీదే ఈడుస్తారు, గీతలు పడ్డాయని వాళ్లే బాధపడతారు.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టడం మేలు. వానాకాలంలో గోడ ఆరదు. అక్టోబరును నమ్మకండి: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే, 2018లో తిత్లీ తుపాను వచ్చిందీ అక్టోబరులోనే. ఆ నెలలో చిమ్నీ కోసం పైకప్పుకు కన్నం పెట్టి వదిలేయడం తెలివైన పని కాదు. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాత్ర ఏడాదైతే ఇంటినిండా చుట్టాలుంటారు, మేస్త్రీ దొరకడు. ఆ వారాల్లో పని ఆపుకోవాల్సిందే.

ముందు చెమ్మ సంగతి. గోడ అడుగున రంగు పొరలుపొరలుగా లేస్తోందా, తెల్లటి ఉప్పు పూస్తోందా చూడండి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపు పెట్టి గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక, గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోదే. గది వైపు కనిపిస్తే వంటింటి ఆవిరి, గాలి ఆడక పట్టింది. దానికి గోడ కొట్టక్కర్లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. చెమ్మ నేల నుంచి ఎక్కితే గోడ పొడుగునా ఇంచుమించు ఒకే ఎత్తులో గీతలా ఉంటుంది. ఒకచోటే మచ్చలా ఉంటే అటువైపు పొరుగింటి స్నానాలగది ఉందేమో కనుక్కోండి. గోడ ఉమ్మడిది కాబట్టి సుత్తి ఎత్తకముందే పక్కింటి వదినగారితో ఒక మాట అనుకుంటే సగం గొడవ తప్పుతుంది.

పాత గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గోడ చెమ్మను పీల్చి గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకి ఎక్కుతుంది, వెంట వచ్చిన ఉప్పు పూత వెనక గట్టిపడి దాన్ని బయటికి నెడుతుంది. వేళ్లతో తడితే బోలు శబ్దం వస్తుంది. ఆ పైన ఒకనాడు పెద్ద పెళ్లగా ఊడుతుంది. వాటర్‌ప్రూఫ్ రసాయనం కలిపినా ఇదే కథ, కాస్త ఆలస్యంగా. ఈ విషయంలో దుకాణదారు మాటకన్నా గోడ మాట వినండి.

చెమ్మ గీతకు ఇంకో అడుగు పైదాకా పాత పూత కొట్టేయాలి. ఇటుకల సందుల్ని 15 నుంచి 20 మి.మీ. లోతు గీకి, పొడి కుంచెతో ఉప్పు దులపాలి. నీళ్లతో కడగొద్దు, ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. కొన్ని వారాలు అలా వదిలేసి, పూసిన ఉప్పునల్లా దులుపుతూ ఉండాలి.

రాతి సున్నాన్ని నీళ్లలో వేయాలి, సున్నం మీద నీళ్లు పోయకూడదు. కుతకుత ఉడికి పైకి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు లేకుండా దగ్గరికి వెళ్లకండి. కనీసం రెండు వారాలు నానాక జల్లెడ పట్టి, సున్నం 1, సుర్కీ (ఇటుక పొడి) 1, ఇసుక 2 పాళ్లలో కలపాలి. 24 అడుగుల నడవకు ఒక వైపు 4 అడుగుల ఎత్తు, మొత్తం 20 మి.మీ. మందం వేయాలంటే పొడి సరుకు దాదాపు 8 ఘనపుటడుగులు: సున్నం 2, సుర్కీ 2, ఇసుక 4. సందులు మింగేదానికి మరో పది శాతం తెచ్చుకోండి. ఇసుక నదిదే కావాలి. సముద్రపు ఇసుకలోని ఉప్పు జన్మంతా చెమ్మను పిలుస్తూనే ఉంటుంది. గోడ తడిపి మొదటి పొర 10 మి.మీ. వేసి, గోరు నొక్కితే ముద్ర అంతగా పడనంత గట్టిపడ్డాక రెండోది. మందంగా ఒకేసారి కొడితే నెర్రెలు ఖాయం. వారం పాటు తడి గోనెలు కప్పాలి. పూత నేలను తాకకుండా అడుగున అర అంగుళం వదిలేయాలి. పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు దీనికి పడవు, వెల్ల వేయండి.

వంటింటి గట్టు ఎత్తు పుస్తకం చూసి పెట్టొద్దు. వండేవాళ్లు మోచెయ్యి మడిచి నిలబడితే నేల నుంచి మోచేతికి ఎంతుందో కొలిచి, 4 నుంచి 6 అంగుళాలు తగ్గించండి. చాలామందికి 32, 34 అంగుళాల మధ్య వస్తుంది. వెడల్పు 24 అంగుళాలు. కింద కడప రాయి, పైన 18 మి.మీ. గ్రానైట్. ఆధారం మూడడుగులకోసారైనా ఉండాలి. 8 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు పలక 70 కిలోలు దాటుతుంది. నడవలో దాన్ని నిలువుగా, అంచు మీదే మొయ్యాలి. పడుకోబెట్టి మోస్తే మధ్యలో విరుగుతుంది. సింకు కన్నం ముందే కోసి తెస్తే మరీను, గట్టు మీద పెట్టాకే కోయించండి. ముందు అంచు అంగుళం బయటికి రావాలి. ఆ అంచు అడుగున, కొసకు అర అంగుళం లోపలగా, 3 మి.మీ. గాడి ఒకటి పొడుగునా కోయించండి. గట్టు మీద ఒలికిన నీళ్లు ఆ గాడి దగ్గరే ఆగి చుక్కలుగా నేల మీద పడతాయి. అది లేకపోతే రాయి అడుగునే పాకి బీరువా తలుపుల్లోకి దిగుతాయి, ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. మేస్త్రీలు అడిగితే తప్ప కొయ్యరు.

సింకు నీళ్లు పోయే గొట్టం 2 అంగుళాలది. అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు చాలు. నీళ్లు వచ్చే సీపీవీసీ గొట్టాలకు సీపీవీసీ జిగురే వాడాలి. పీవీసీది వాడితే అప్పటికి పట్టినట్టే ఉండి వేడినీళ్లకు వదిలేస్తుంది. గోడ మూసేముందు ఒత్తిడి పెట్టి 24 గంటలు చూడాలి.

కరెంటు పని మాత్రం లైసెన్సు ఉన్నవాడికే వదలండి. అతన్ని అడగాల్సినవి: వంటింటికి వేరే లైను, పవర్ సాకెట్లకు 2.5 చ.మి.మీ. తీగ, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి), నడవ దీపానికి రెండు కొసలా టూవే స్విచ్చి. గట్టు కింద గ్యాస్ సిలిండరు పెడితే ఆ గూటి కింది భాగంలో, నేలకు దగ్గరగా గాలి కన్నాలుండాలి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే కిందే పేరుకుంటుంది.

ఇక నడవ నేల. 4 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడుగంటే 96 చదరపుటడుగులు. రెండడుగుల టైల్స్ 24 పడతాయి, విరిగేవాటికి 3 ఎక్కువ. పెట్టెకు 4 చొప్పున 7 పెట్టెలు కొంటే సరి. కానీ పాత గోడలు సమాంతరంగా ఉండవు. వీధి వైపు 4 అడుగులుంటే పెరటి వైపు 3 అడుగుల 10 అంగుళాలే ఉండొచ్చు. ఒక గోడను పట్టుకుని మొదలుపెడితే చివరికొచ్చేసరికి సన్నటి చీలికలు మిగిలి, నడవ వంకర కళ్లకు కడుతుంది. నడుమ సుద్దదారం కొట్టి, అక్కడి నుంచి రెండు వైపులా పరిచి, కోసిన ముక్కల్ని రెండు గోడలకూ సమానంగా తోయండి. మట్టం చూడటానికి నీళ్లు నింపిన పారదర్శక ట్యూబు చాలు, బుడగలు లేకుండా చూసుకోండి. పెరటి వైపు నుంచి పరుస్తూ గుమ్మం దగ్గర బయటపడాలి. ఒక రోజంతా ఎవరూ తొక్కకూడదు కాబట్టి ఆ పూటకు వంట మరెక్కడైనా చూసుకోవాలి.

పాత గచ్చు మీదే టైల్ పరిస్తే జిగురుతో కలిపి నేల అర అంగుళం పైనే లేస్తుంది. తలుపు అడుగు ఆమేరకు చిత్రిక పట్టాలి. పరిచాక కాదు, పరిచే ముందే తలుపు మీద గీత గీసుకుని దించండి.