డిష్ కనెక్షన్ మార్చాం: రేటు కంటే ముందు పెట్టె ఎవరిదో అడగండి

మా ఇంట్లో టీవీ బిల్లు కట్టేది నేను. మా ఆయనకి మ్యాచ్ మధ్యలో సిగ్నల్ పోతే తప్ప కనెక్షన్ అనేది ఒకటుందని గుర్తుండదు, అత్తయ్యకి సీరియల్ టైముకి బొమ్మ పడితే చాలు, పిల్లలు సగం ఫోన్లోనే చూసేస్తారు. కాబట్టి ఏటేటా బిల్లు ఎలా పాకుతూ పెరిగిందో చూస్తూ వచ్చింది నేనొక్కదాన్నే. ఈసారి పెంచినప్పుడు ఇంక మారిపోదాం అన్నాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే మారడం అంటే ఒక ఫోన్ కాల్ అనుకున్నారు అందరూ.

కొత్త కంపెనీ ప్రకటనలో మూడే మూడు ముక్కలు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. నెల రేటు తక్కువ, ఛానెల్స్ ఎక్కువ, బాక్స్ (అంటే సెట్‌టాప్ పెట్టె) ఫ్రీ. ఈ మూడిట్లో మొదటి రెండూ చూసి జనం మారిపోతారు, అసలు డబ్బంతా పోయేది మూడోదాని దగ్గర. నేను ఇదంతా రాస్తోంది ఆ ఒక్క విషయం కోసమే, మిగతాది కూడా వరసలో చెప్తాను.

ముందు ఛానెల్స్ సంగతి. ఒక కాగితం టీవీ పక్కన పెట్టి ఎవరు ఏది చూస్తే అది రాయమన్నాను, కొన్ని వారాలు అలా వదిలేశాను. పిల్లలు ఆటగా రాశారు, మా ఆయన రాయలేదు గానీ ఆయన చూసేవి నాకు తెలుసుగా. చివరికి చూస్తే మొత్తం ఇల్లు కలిపి చూసేది ఇరవై లోపే. మరి ఆ ప్యాక్‌లో వందల ఛానెల్స్ ఎక్కడివి అని వాళ్ళ లిస్టు తీసి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోయాను. ఒకే ఛానెల్ మామూలుది ఒకసారి, హెచ్‌డీది ఇంకోసారి, రెండుగా లెక్కేశారు. రేడియోలు కూడా ఛానెల్స్‌లోనే కలిపేశారు. రోజంతా వస్తువులు అమ్మేవి, కంపెనీ తన సొంత ఆఫర్లు తిప్పి తిప్పి చూపించేవి, మాకెవ్వరికీ రాని భాషలవి, ఇవన్నీ తీసేస్తే మిగిలినదాంట్లో కూడా కొన్ని న్యూస్ ఛానెల్స్ ఎక్కడైనా ఉచితంగా వచ్చేవే. జల్లెడ పట్టాక తేలింది ఏంటంటే మాకు కావాల్సినవాటిలో ఒక్క స్పోర్ట్స్ ఛానెల్ తప్ప అన్నీ రెండు కంపెనీల్లోనూ ఉన్నాయి, ఆ ఒక్కటి కొత్తవాళ్ళ దగ్గర విడిగా డబ్బు కట్టి వేయించుకోవాలి.

ఇంకో మెలిక ఉంది ఇక్కడ. వాళ్ళ ఒప్పందం 24 నెలలది, అందులో చిన్న అక్షరాల్లో "ఛానెళ్ళ జాబితా మారవచ్చు" అని ఉంటుంది. అంటే మనం 24 నెలలు కదలకూడదు, వాళ్ళు మాత్రం రేపు ఛానెల్ యజమానితో రేటు కుదరకపోతే దాన్ని తీసెయ్యొచ్చు. స్పోర్ట్స్ అయితే మరీను, ప్రసార హక్కులు చేతులు మారితే ఛానెల్ అలాగే ఉంటుంది, మనం చూసే ఆటే అందులో ఉండదు. అందుకే ఒక్క ఆట కోసం రెండేళ్ళు కట్టుబడిపోవడం నాకైతే నచ్చలేదు, ఆ ఛానెల్ సీజన్‌కి మాత్రమే వేయించుకుని తీసేసే వీలుందా అని అడిగాను, ఉంది అన్నారు, మెయిల్‌లో రాసి పంపమన్నాను. పంపారు. ఫోన్లో చెప్పినదేదైనా సరే రాయించుకోండి.

ఇప్పుడు పెట్టె. బాక్స్ ఫ్రీ అంటే ఏంటి అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. గట్టిగా నిలదీస్తే తేలింది, ఇందులో మూడు రకాలు ఉంటాయి. డబ్బు పెట్టి కొనుక్కోవడం ఒకటి, నెలనెలా అద్దె కట్టడం ఒకటి, "ఫ్రీ"గా ఇచ్చి ఒప్పందం అయ్యేదాకా కట్టేసుకోవడం ఇంకొకటి. మాకు చెప్పింది ఈ మూడోది. మధ్యలో మానేస్తే మిగిలిన నెలల లెక్కన రుసుము కట్టాలి, పెట్టె కూడా వెనక్కి ఇచ్చెయ్యాలి, ఇవ్వకపోతే దాని ఖరీదు వేరే. పైగా ఫ్రీ అన్నది హాల్లో ఉన్న ఒక్క టీవీకే. అత్తయ్య గదిలో రెండో పెట్టెకి నెల అద్దె, రికార్డింగ్ సౌకర్యానికి విడిగా కొంత, హెచ్‌డీకి ఇంకొంత, పన్ను సరేసరి. ఆఫర్ రేటేమో మొదటి 12 నెలలకే, తర్వాత మామూలు రేటు.

అప్పుడు నెల రేటు చూడ్డం మానేసి మొత్తం 24 నెలలకీ కలిపి రాశాను. మొదటి ఏడాది ఆఫర్ రేటు, రెండో ఏడాది అసలు రేటు, రెండో పెట్టె అద్దె, రికార్డింగ్‌కీ హెచ్‌డీకీ విడిగా కట్టేది, బిగించే ఖర్చు, స్పోర్ట్స్ ఛానెల్ సీజన్‌కి ఎంతో అంత, చివర్న పన్ను. అంతా తడిసి మోపెడయ్యాక ప్రకటనలో కనిపించిన తేడాలో పావు వంతు కూడా మిగల్లేదు. రికార్డింగ్ వద్దనుకుని, రెండో పెట్టె అద్దెకి కాకుండా కొనేసుకుంటే మాత్రం లెక్క మళ్ళీ మాకు లాభంగా తిరిగింది. పెట్టెల దగ్గరే లాభం, పెట్టెల దగ్గరే నష్టం.

ఇదంతా అయ్యాక పాత కంపెనీకి ఫోన్ చేసి మానేస్తున్నాం అన్నాను. అంతదాకా ఏళ్ళ తరబడి ఒక్క పైసా తగ్గించనివాళ్ళు ఆ మాట వినగానే ఇంకో సెక్షన్‌కి కలిపారు, ఆ అమ్మాయి తియ్యగా మాట్లాడి ఆరు నెలలు సగం రేటు అంది. మంచిదే, కానీ ఏడో నెల నుంచి? మళ్ళీ పాత రేటే అంది. దాన్ని కూడా 24 నెలల లెక్కలో వేసి చూశాను, కొత్తదే తక్కువ పడింది. తక్కువ పడకపోయి ఉంటే ఉండిపోయేదాన్ని, అందులో నామోషీ ఏం లేదు.

"అదేంటమ్మా, పాత పెట్టెలోనే కొత్తవాళ్ళ కార్డు పెడితే సరిపోదా, అది మనం కొన్నదే కదా" అంది అత్తయ్య. న్యాయమైన ప్రశ్నే అది. కొన్నది మన డబ్బుతోనే, కానీ తాళం చెవి కంపెనీ దగ్గర ఉంటుంది. సిగ్నల్ ఆకాశంలోంచి అందరి మీదా ఒకేలా పడుతుంది, డబ్బు కట్టినవాళ్ళకే కనబడాలని దాన్ని గజిబిజి చేసి పంపుతారు, ఆ గజిబిజిని విప్పే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోటి, పెట్టె తయారీలోనే అది కుట్టేసి ఉంటుంది. దాని పైన పాత పెట్టెలకి ఇంకో ఇబ్బంది, బొమ్మని కుదించి పంపే పద్ధతుల్లో పాతదైన ఎంపెగ్-2 వరకే తెలిసిన పెట్టె, దాని తర్వాతదైన ఎంపెగ్-4లో పంపే ఛానెల్‌ని విప్పలేదు, 2005లో వచ్చిన డీవీబీ-ఎస్2 అనే శాటిలైట్ సిగ్నల్ పద్ధతి కంటే ముందు కాలం పెట్టె అయితే ఆ పద్ధతిలో వచ్చే సిగ్నల్‌నే పట్టుకోలేదు. కాబట్టి సెట్‌టాప్ బాక్స్ కొనుక్కున్నాం అంటే సగమే మనది అనుకోవాలి. ఇది తెలిశాక నాకు అద్దె పెట్టెల మీద ఉన్న చిన్నచూపు కాస్త తగ్గింది, పాడైతే వాళ్ళే మారుస్తారు కదా. మాకైతే లెక్కలో కొనడమే కలిసొచ్చింది అంతే.

రికార్డింగుల గురించి ఒక్క మాట. పాత పెట్టెలో పిల్లల ప్రోగ్రాములు బోలెడు దాచి ఉన్నాయి. హార్డ్ డిస్క్ పీకి వేరే దానికి తగిలిస్తే రావు, అవి ఆ పెట్టెకే ముడిపడి ఉంటాయి. కనెక్షన్ ఉండగానే చూసెయ్యండి అన్నాను, ఒక వారం ఇంట్లో చదువులు సాగలేదు.

ఇంక బిగించే రోజు. వచ్చిన కుర్రాడు పని తెలిసినవాడు, అడిగినదానికి విసుక్కోకుండా చెప్పాడు. డిష్ వట్టి రేకే మేడమ్, దానికి కంపెనీతో సంబంధం లేదు, సైజు సరిపోతే పాతదే వాడొచ్చు, తిప్పాల్సింది దిక్కు అన్నాడు. కొత్త కంపెనీ వాడే శాటిలైట్ వేరే చోట ఉంది కదా. ఇవన్నీ భూమధ్యరేఖకి నేరుగా పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి, భూమితో సమానంగా తిరుగుతాయి కాబట్టి మనకి కదలనట్టే ఉంటాయి, అందుకే డిష్ ఒకసారి బిగిస్తే చాలు. కానీ ఆ దారిలో ఒక్క డిగ్రీ అంటే 700 కిలోమీటర్ల పైమాటే, ఇక్కడ మనం నట్టు కాస్త వదులు చేసి వేలితో నెడితే అక్కడ ఇంకో శాటిలైట్ దగ్గరికి వెళ్ళిపోతాం.

మా ఇంటి ముందు ఒక చెట్టుంది, అది అడ్డమొస్తుందేమోనని నా భయం. డిష్ చూస్తే దాదాపు నిటారుగా నిలబడి చెట్టు కేసే చూస్తున్నట్టుంది. కానీ ఈ చిన్న డిష్‌లు ఆఫ్‌సెట్ రకమట, అంటే ముందు ఎల్‌ఎన్‌బి (డిష్ మీద పడిన సిగ్నల్‌ని అందుకునే చిన్న పరికరం) పట్టుకునే చెయ్యి మధ్యలోంచి కాకుండా కింద నుంచి వస్తుంది, డిష్ నిజంగా చూసేది దాని మొహం కంటే ఇరవై డిగ్రీలకి పైనే ఎత్తుకి. ఫోన్లో కోణం చూపించే యాప్ తీసి చెట్టు కొస పైనుంచి దారి ఖాళీగా ఉందని చూపించాడు. ఇప్పటికి సరే, చెట్టు పెరుగుతుంది కదా అన్నాను, కొమ్మలు కొట్టించుకోండి అన్నాడు.

తిప్పేటప్పుడు మా ఆయన కింద టీవీ ముందు కూర్చుని "ఫుల్లుగా వచ్చింది, ఫుల్లుగా వచ్చింది" అని అరుస్తూనే ఉన్నారు, పైన అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. టీవీలో రెండు గీతలుంటాయి, స్ట్రెంగ్త్ ఒకటి, క్వాలిటీ ఒకటి. స్ట్రెంగ్త్ ఏ శాటిలైట్ వైపు పెట్టినా నిండుతుంది, క్వాలిటీ మనది దొరికితేనే కదులుతుంది. అది కదిలాక ఇంకా ఆగకుండా ఎల్‌ఎన్‌బిని దాని పట్టులోనే కాస్త మెలితిప్పాడు, క్వాలిటీ ఇంకొంచెం పైకి జరిగింది. ఇక్కడ బద్ధకిస్తే ఎండ రోజు తేడా తెలీదు, వాన రోజు తెలుస్తుంది. ఈ సిగ్నల్ వచ్చే తరంగాలకి, కేయూ బ్యాండ్ అంటారు వాటిని, గట్టి వానంటే పడదు, క్వాలిటీ ఎంత మిగులుగా ఉంటే అంతసేపు వానని తట్టుకుంటుంది. కుండపోతకి ఏ కంపెనీదైనా పోతుంది, మా దగ్గర వానలో కూడా సిగ్నల్ పోదు అనే సేల్స్ వాళ్ళని నమ్మకండి.

నాకు బాగా గుర్తుండిపోయింది కేబుల్. పాతదే వాడదాం అనుకుని చివర ఉన్న కనెక్టర్ విప్పాడు. లోపల రాగి తీగ నల్లగా, పైన చుట్టూ ఉండే అల్లిక పచ్చగా బూజు పట్టినట్టు అయిపోయి ఉంది. కనెక్టర్ పైన రబ్బరు తొడుగు ఎప్పుడో ఊడిపోయిందట, వాన నీళ్ళు అల్లిక పట్టుకుని లోపలికి జారాయి. జానెడు కోశాడు, నలుపే. ఇంకో జానెడు, నలుపే. మూర పైన కోశాక తళతళా రాగి కనబడింది. ఇన్నాళ్ళూ పాత కంపెనీ ప్రతి కంప్లైంటుకీ "మీ డిష్ పాతదైంది, మార్చాలి" అంటూ వచ్చింది, తీరా చూస్తే రోగం ఈ తీగలో ఉంది. మారకముందే ఒకసారి కనెక్టర్లు విప్పించి చూడండి, మీకు మారాల్సిన అవసరమే లేకపోవచ్చు.

రెండో గదికి స్ప్లిటర్ పెట్టి అదే తీగ పంచొచ్చు కదా అని మా ఆయన సలహా. కుదరదు. పెట్టె ఆ తీగలోంచే ఎల్‌ఎన్‌బికి కరెంటు పంపుతుంది, 13 వోల్టులు పంపితే ఒక రకం ఛానెల్స్, 18 పంపితే ఇంకో రకం. ఒక గదిలో 13, ఇంకో గదిలో 18 అడిగితే 18దే చెల్లుతుంది, మొదటి గదిలో తెర నల్లబడుతుంది. అందుకే రెండు దారులున్న ఎల్‌ఎన్‌బి వేసి, రెండో తీగ కొత్తది లాగారు. ఆ ఖర్చు నా 24 నెలల కాగితంలో లేదు, తర్వాత కలిపాను, అయినా మాదే పైచెయ్యి.

అంతా బాగానే ఉంది గానీ అత్తయ్య రెండు రోజులు టీవీ ముట్టుకోలేదు. ఆవిడకి ఛానెల్ పేరుతో పనిలేదు, నంబరే. కొత్తదాంట్లో నంబర్లన్నీ వేరు. ఫేవరెట్స్‌లో ఆవిడవి వరసగా పెట్టి, రిమోట్ వెనక కాగితం అంటించాను. నన్నడిగితే కంపెనీలు ఇంటికి పంపే మెరుగుకాగితాల బదులు పెద్దక్షరాల్లో నంబర్ల పట్టిక ఒకటి ఇస్తే పుణ్యం.

ఇంక పాతది మూయించడం. కొత్తది కొన్నాళ్ళు సరిగ్గా నడిచేదాకా పాతది ఆపొద్దు, ఒక నెల రెండూ కట్టాల్సి వచ్చినా సరే. పాత కంపెనీ పెట్టెల్లో హాల్లోది మేం కొన్నది, గదిలోది అద్దెది, ఏది వెనక్కివ్వాలో వాళ్ళకే స్పష్టంగా తెలీదు. అద్దె పెట్టెని రిమోట్, అడాప్టర్, కార్డు, అన్నిటితో కలిపి, సీరియల్ నంబర్ కనబడేలా ఫోటో తీసి, తీసుకున్నట్టు రసీదు రాయించుకుని మరీ ఇచ్చాను. అయినా ఆఖరి బిల్లులో ఆ పెట్టె అద్దె మళ్ళీ వేశారు, దాని కింద "వాపసు రాని పరికరం" అని ఇంకో పెద్ద మొత్తం. రసీదు, ఫోటో రెండూ పంపాక రెండూ తీసేసి సవరించిన బిల్లు పంపారు. అది సున్నా అయిందని చూశాకే బ్యాంకులో వాళ్ళకిచ్చిన ఆటో పే రద్దు చేశాను.