ఉచిత ఆన్‌లైన్ సదస్సు: సర్వర్ దగ్గరే సగం పని

బెంగళూరు మారతహళ్లిలో కూర్చుని అనంతపురం, చిత్తూరు టీచర్లకు మూడుల్ (ఆన్‌లైన్ పాఠాలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) నేర్పించాలంటే జూమ్‌లో చెప్పడం నాకు కాస్త ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. మన సొంత సర్వర్‌లో పెట్టుకోగల ఉచిత ఆన్‌లైన్ తరగతి సాఫ్ట్‌వేర్ బిగ్‌బ్లూబటన్ ఉండగా వేరేదెందుకు? మూడుల్ 4.0 నుంచి దాన్ని కలిపే ప్లగిన్ (అదనపు భాగం) మూడుల్ లోపలే వస్తోంది.

బిగ్‌బ్లూబటన్ నడిచే సర్వర్‌కు ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), 16 జీబీ ర్యామ్, 8 కోర్లు కావాలి. బెంగళూరు డేటా సెంటర్‌లోనే నెలంతా కాకుండా గంటల లెక్కన తీసుకుంటే ఖర్చు తక్కువ. ఫైర్‌వాల్‌లో (సర్వర్‌కు కాపలా గోడ) 80, 443 పోర్టులతో పాటు, మాట, వీడియో వెళ్లే యూడీపీ పోర్టులు 16384 నుంచి 32768 వరకు తెరవాలి. ఇది మరిచిపోతే పేజీ చక్కగా తెరుచుకుంటుంది, మాట మాత్రం వినపడదు. కాలేజీ, ఆఫీసు నెట్‌లు యూడీపీని ఆపేస్తాయి కాబట్టి 443 మీద టర్న్ సర్వర్ (మాటను, వీడియోను వేరే దారిలో చేరవేసేది) కూడా పెట్టండి.

అసలు చిక్కు కెమెరాలతో. ఒక్కో వీడియో సెకనుకు 200 కిలోబిట్లు అనుకుంటే, పది కెమెరాలు తెరిస్తే ప్రతి ఫోనుకూ సెకనుకు 2 మెగాబిట్లు. అరవై మంది ఉంటే సర్వర్ నుంచి 120 మెగాబిట్లు బయటికి పోవాలి. పల్లెలో మొబైల్ డేటా ఆ 2 మెగాబిట్లను కూడా సరిగా మోయలేకపోవచ్చు. అందుకే ముందే కెమెరాలకు తాళం వేసి, చెప్పేవారిది ఒక్కటే ఉంచాలి.

స్లైడ్లు పీడీఎఫ్‌గానే ఎక్కించండి. పీపీటీ అయితే సర్వర్‌లో ఆ ఫాంటు లేక తెలుగు ఒత్తులు చెల్లాచెదురవుతాయి. రికార్డింగ్‌ను అనుమతించడం వేరు, బటన్ నొక్కడం వేరు. నొక్కకపోతే వీడియో ఏదీ తయారవదు. నొక్కినా వీడియో వెంటనే రాదు, దాన్ని తయారుచేయడం పూర్తయ్యేదాకా సర్వర్‌ను ఆపేయకండి.