చీపురుపుల్ల కొలత

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున్న పదహారు కిలోమీటర్లని బయల్దేరి పదకొండుకే ఆగిపోయాను. ఊపిరి బాగానే ఆడింది, మోకాళ్ళూ ఏమీ అనలేదు. ఎడమ బొటనవేలే మొరాయించింది. ఫ్లైఓవర్ ఎక్కుతున్నంతసేపూ కిక్కురుమనదు. దిగుతున్నప్పుడు మాత్రం అడుగడుక్కీ ఎవరో గోటి మీద సుత్తి పెట్టి కొడుతున్నట్టే. ఇంటికొచ్చి సాక్స్ తీస్తే గోరు వంకాయ రంగులో ఉంది. మావాడు చూసి, "ఒక్క వేలికే నెయిల్ పాలిష్ ఏంటమ్మా?" అన్నాడు.

ఆగస్టు ఆఖర్లో హైదరాబాద్ మారథాన్. నేను పరిగెత్తేది అందులో సగమే, 21.1 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా. ఊళ్ళో ఉన్న ఎత్తుపల్లాలన్నీ ఆ దారిలోనే తగుల్తాయి. ఇంకా ఏడు వారాలుంది. కొత్త షూస్ కొంటే ఇప్పుడే కొనాలి, ఆ రోజుకి అవి కాలికి అలవాటు పడాలి కదా.

ఇప్పుడున్న జత నేను చేసుకున్న పాపం. ఎక్కడా చెప్పుకోలేదు, ఇక్కడైనా రాసుకుంటాను. పోయిన శీతాకాలం ఒక మాల్‌లో షోరూముకి వెళ్ళాను. పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి నేల మీద కూర్చుని, నాలుగు పెట్టెలు విప్పి, నా కాళ్ళకి తొడిగి, లేసులు కట్టి మరీ చూపించింది. ఒక జత నచ్చింది. "మా ఆయన్ని అడిగి వస్తానమ్మా" అని బయటికొచ్చేశాను. ఆయన్ని ఏ షూస్ గురించీ ఎప్పుడూ అడిగింది లేదు. లిఫ్టులో ఫోన్ తీసి చూస్తే అదే పేరు మీద 6,800కే ఉంది. కారు దగ్గరికి చేరేలోపు ఆర్డర్ పెట్టేశాను. ఆ సాయంత్రమంతా మహా తెలివైనదాన్నని మురిసిపోయాను కూడా.

వచ్చాక చూస్తే పేరు అదే, చివర అంకె ఒకటి తక్కువ. అంటే కిందటేడు రకం. ఈ కంపెనీలు ఇంచుమించు ఏడాదికోసారి అదే పేరుతో అంకె మార్చి కొత్తది వదుల్తాయి. అంకెతో పాటు పైన గుడ్డ మారుతుంది, లోపలి నురుగు మారుతుంది, ఒక్కోసారి ముందు భాగం వెడల్పూ మారిపోతుంది. నాకప్పుడు ఇదేమీ తెలీదు. అంకెదేముందిలే అనుకున్నాను.

వెనక్కి పంపాలంటే అడుగున మట్టి అంటకూడదు. అందుకని హాల్లో పాత దుప్పటి పరిచి, దాని మీద టీవీ దగ్గర్నుంచి డైనింగ్ టేబుల్ దాకా నాలుగుసార్లు తిరిగాను. మా ఆయన పేపరు దించి, "ర్యాంప్ వాకా?" అన్నారు. బాగానే ఉన్నాయనిపించింది. పొద్దున్న పది గంటలకి, దుప్పటి మీద, ఎనిమిది అడుగుల నడకలో ఏ షూస్ అయినా బాగానే ఉంటాయి. పది కిలోమీటర్లు పరిగెత్తితే కాలు వాస్తుందనీ, వాచిన కాలు పల్లంలో ముందుకి జారి గోటిని గుద్దుతుందనీ దుప్పటికేం తెలుసు? నాకు తెలిసేసరికి వాపసు గడువు దాటిపోయింది.

సైజు అయిదు. కాలేజీలో చేరినప్పటి నుంచీ అయిదే. పేరు, పుట్టిన తేదీ ఎలాగో నాకు ఈ అయిదూ అలాగే. ఎవరడిగినా కళ్ళు మూసుకుని చెప్తాను.

అంతకుముందు అంకె కూడా లేదు, చీపురుపుల్లే. నాన్న తణుకు వెళ్తున్నాడంటే ముందురోజు రాత్రి అక్కనీ నన్నూ గోడకి మడమ ఆనించి నిలబెట్టేవాడు. పాదం పక్కన పుల్ల పెట్టి, బొటనవేలి దగ్గర గోటితో నొక్కి విరిచేవాడు. రెండు పుల్లలూ చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కేవాడు. సాయంత్రానికి చెప్పులు వచ్చేవి, పుల్లకంటే ఒక వేలు పొడుగ్గా, పెరిగే కాళ్ళని. పొడుగు ఎప్పుడూ తప్పేది కాదు. కానీ నా చిటికెనవేలి పక్కన పట్టీ కొరికి కొరికి పుండు పడేది. అమ్మ కొబ్బరినూనె రాసి, "కొత్త చెప్పులు కరవక ముద్దు పెట్టుకుంటాయా" అనేది. అక్క చెప్పులు ఎప్పుడూ కరిచేవి కావు. అది అదృష్టం అనుకునేదాన్ని.

ఇవాళ సాయంత్రం అయిదింటికి, మా రన్నింగ్ గ్రూపు వాళ్ళు ఎప్పట్నుంచో చెప్తున్న కొట్టుకి వెళ్ళాను. పరుగు షూస్ తప్ప ఇంకేమీ పెట్టరు. పెద్ద హంగేమీ లేదు, ఒక అపార్ట్‌మెంట్ కింద రెండు గదులు. అక్కడి కుర్రాడు షూస్ చూపించలేదు. ముందు నా పాత జత అడిగాడు. తిరగేసి అడుగు చూశాడు, లోపల చెయ్యి పెట్టి వేళ్ళ దగ్గర తడిమాడు. తర్వాత ఒక ఇనప పలక తెచ్చి కింద పెట్టాడు. నేను కుర్చీలోంచే కాలు చాపాను.

"నిలబడుండ్రి మేడం. కూసుంటే పాదం సాగది."

నిలబడ్డాను. మడమ వెనక్కి ఆనించి, ముందో ముక్క జరిపి, పక్క నుంచి ఇంకో ముక్క జరిపాడు. కుడికాలు 24.4 సెంటీమీటర్లు. ఎడమది 24.9.

"ఎడమ కాలు జర పెద్దగున్నది. దానికే చూస్కోవాలె. మీరు ఏస్తున్నది అయిదు, మీకు ఆరు గావాలె. పొడుగు సంగతి ఒకటి, ముంగట వెడల్పు ఎక్కువున్నది మీకు. ఆడోళ్ళ షూస్ల పట్టది."

ఇద్దరు పిల్లలు పుట్టాక కాలు సాగుతుందని ఎక్కడో విన్నాను. నా కాలే అని అనుకోలేదు. వెడల్పుకి అక్షరాలు ఉంటాయట. ఆడవాళ్ళ షూస్‌లో మామూలు వెడల్పు బి, మగవాళ్ళ వాటిలో డి. అని చెప్పి లోపలికెళ్ళి మగవాళ్ళ ఆరో నంబరు తెచ్చాడు. ముదురు నీలం, మా నాన్న స్కూటరు రంగు. కాలు పెట్టగానే చిటికెనవేలు దాని పాటికి అది పడుకుంది. నలభై నాలుగేళ్ళలో దానికి మొదటిసారి చోటు దొరికింది. చెప్పులు కరవడం అదృష్టానికి సంబంధించింది కాదన్నమాట. పుల్లకి వెడల్పు తెలీదు, అంతే.

అన్నిటికంటే పైన ఇంకో రంధ్రం ఉంటుంది చూశారా, చీలమండ దగ్గర, ఎవరూ వాడనిది. లేసుని దాంట్లోకి బయటి నుంచి దూర్చి చిన్న ఉచ్చు మిగిల్చాడు, అవతలి లేసుని ఆ ఉచ్చులోంచి లాగి బిగించాడు. మడమ కదల్లేదు. ఆ రంధ్రం గాలి కోసమనుకున్నాను ఇన్నాళ్ళూ.

"ఇగ సెల్లార్ ర్యాంపు దిగుకుంట ఉరికి రాండ్రి."

చుడిదార్‌లో, ఆదివారం సాయంత్రం, కార్లు దిగే ర్యాంపు మీద మూడుసార్లు కిందికీ పైకీ పరిగెత్తాను. వాచ్‌మన్ కుర్చీ నా వైపు తిప్పుకుని మరీ చూశాడు. గోరు నొప్పి పుట్టింది, అది పొద్దుటి దెబ్బ. కొత్తగా ఏదీ తగల్లేదు. కాలి వేలి ముందు నా చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ అలాగే ఉంది.

కుర్రాడు మహాత్ముడేమీ కాదు. నా పాదం లోపలికి ఒరుగుతోందనీ, పద్దెనిమిది వందలు పెట్టి లోపల వేసుకునే సోల్ కొనాలనీ మొదలుపెట్టాడు. ఆరేళ్ళుగా ఒరుగుతూనే పరిగెడుతున్నాను నాయనా, మోకాలు ఒక్కరోజు నొయ్యలేదు అన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ధర 10,499. వాడు బిల్లు కొట్టడానికి వెళ్ళగానే చెయ్యి దానంతటదే బ్యాగులోకి పోయింది. ఫోన్లో చూశాను. అదే పేరు, అదే అంకె, అదే సైజు, 9,100. పద్నాలుగు వందల తేడా. ఆ మాల్‌లో నేల మీద కూర్చున్న అమ్మాయి గుర్తొచ్చింది. ఫోన్ లోపల పెట్టేశాను. "ఏమన్నా తగ్గిస్తారా?" అని మాత్రం అడిగాను. ఒక జత సాక్స్ ఇచ్చాడు.

దారిలో లెక్క వేశాను. ఆ 6,800 జత మీద పరిగెత్తింది 140 కిలోమీటర్లు. మామూలుగా అయితే అయిదొందల నుంచి ఎనిమిదొందల దాకా రావాలి. అంటే కిలోమీటరుకి దాదాపు 49 రూపాయలు పెట్టి కాలినడకన తిరిగాను. ఆటో చవక. ఇవి అరిగాక ఏం చేస్తానో మాత్రం చెప్పలేను. అంకె మారకుండా ఉంటే ఫోన్లోనే కొంటానేమో. ర్యాంపు దిగి చూసేశాను కదా.

అన్నం తింటుంటే అమ్మ ఫోన్. పొద్దున్నే మంచం దిగగానే మడమ పోట్లు పొడుస్తోందట. "మెత్తటి చెప్పులుంటాయంట కదే, నీ ఫోన్లో పెట్టెయ్యి. ఆరో నంబరు."

"ఆరని ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడవేంటి, ఎప్పుడూ ఆరే."

"రేపు సాయంత్రం కాయితం మీద నిలబడి, పక్కింటి పిల్లచేత చుట్టూ పెన్సిల్ గీయించుకో. కూర్చుని కాదు, నిలబడి."

"అంత ముస్తాబు ఎందుకే. చీపురుపుల్ల విరిచి కొరియర్‌లో పంపిస్తాలే."

"అయితే రెండు పుల్లలు పంపు. ఒకటి పొడుక్కి, ఒకటి వెడల్పుకి. రెండు కాళ్ళూ ఒకలా ఉండవు, విడివిడిగా కొలుచుకో."

కాసేపు లెక్క చూసుకుంది.

"రెండు కాళ్ళకీ నాలుగా? ఉన్న చీపురు కాస్తా అయిపోద్ది."