కదురు కణాలు

2018 సంక్రాంతికి గారె ముక్క గొంతు దిగి రొమ్ము ఎముక వెనక ఆగిపోయింది. నీళ్ళు తాగితే అవి కూడా దాని మీదే నిలిచి, కాసేపటికి మెల్లగా కిందికి జారాయి. "మాట్లాడుతూ తింటావు, అందుకే" అంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను.

శివరాత్రి వెళ్ళేసరికి అన్నం ముద్ద కూడా అడ్డం పడటం మొదలైంది. మజ్జిగ ఎక్కువ పోసుకుని జారుగా కలుపుకుని తాగేదాన్ని. చూపించుకుంటే గ్యాస్ అన్నారు. ఆరు నెలలు పరగడుపునే ట్యాబ్లెట్ వేసుకున్నాను, ఎనిమిది కిలోలు తగ్గాను. వెళ్ళిన ప్రతిసారీ ముద్ద దిగడం లేదనే చెప్పాను తప్ప గుండెల్లో మంట అని ఒక్కసారీ అనలేదు. రెండూ ఒకటి కాదు. ముద్ద అడ్డం పడుతోందంటే ఎండోస్కోపీ చేయించుకోవాలి. ఇంకో నెల మందు వాడి చూద్దాం అంటూ రోజులు పోనివ్వకండి.

చివరికి గుంటూరులో ఎండోస్కోపీ చేశారు. లోపలి పొర నున్నగా ఉంది, పుండు లేదు. గోడ మాత్రం ఒక వైపు నుంచి ఉబికి దారి మూసేస్తోంది. సీటీ స్కాన్‌లో అన్నవాహిక కింది భాగంలో 6 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. లియోమయోమా అయ్యుండొచ్చన్నారు. అన్నవాహిక గోడ కండరంలో పుట్టే గడ్డల్లో అదే ఎక్కువట, కాన్సర్ కాదట. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయాం.

హైదరాబాద్‌లో ఎండోస్కోపీ గొట్టం చివర అల్ట్రాసౌండ్ పెట్టి, సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. పది రోజులకి వచ్చిన రిపోర్టులో గిస్ట్ అని ఉంది, ఒక రకం కాన్సర్ గడ్డట. అంతకుముందు ఆ మాట వినలేదు. అన్నవాహికలో ఇది చాలా అరుదు. పొట్టలో, చిన్న పేగులో వస్తుంది ఎక్కువగా. తిన్నది కిందికి నడవడానికి పేగుల కదలికకి లయ కట్టే కణాలు కొన్ని ఉంటాయి, ఈ గడ్డ ఆ జాతి కణాల నుంచే పుడుతుందని తర్వాత తెలుసుకున్నాను.

నాకు అనుమానం తీరలేదు. ముందు కాన్సర్ కాదన్నారు, ఇప్పుడు అవునంటున్నారు. తేడా ఎక్కడ తెలిసింది? ఇదే అడిగితే పెథాలజీ మేడమ్ కసురుకోలేదు. "రండమ్మా, చూపిస్తాను" అని మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టారు.

మొదటి స్లైడ్‌లో గులాబీ, ఊదా రంగుల్లో సన్నగా, పొడుగ్గా కణాలు. రెండు కొసలూ మొన తేలి, కట్టలు కట్టలుగా ఒకదాని పక్కన ఒకటి పడుకుని ఉన్నాయి. "వీటిని స్పిండిల్ సెల్స్ అంటాం" అన్నారు. "కదుర్లలా ఉన్నాయి మేడమ్" అన్నాను. మాది చీరాలలో మగ్గం ఇల్లు. చిన్నప్పుడు అమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుడుతుంటే నూలు అందించేదాన్ని. కదురు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అచ్చం అంతే" అన్నారు.

లియోమయోమా కణాలు కూడా ఇలాగే ఉంటాయట. చూపుతో తేల్చలేరు. అందుకే ఒక్కో ప్రోటీన్‌ని పట్టుకునే రంగు వేసి చూస్తారు. రెండో స్లైడ్ పెట్టారు. అది సీడీ 117, గిస్ట్ కణాల్లో ఉండే ప్రోటీన్‌ని పట్టుకునే రంగు. కణాలన్నీ కాఫీ డికాషన్ ఒలికినట్టు గోధుమ రంగులోకి తిరిగి ఉన్నాయి. డాగ్ 1 అనే ఇంకో గిస్ట్ ప్రోటీన్ స్లైడ్ కూడా అంతే. చివరిది డెస్మిన్, కండరపు గడ్డయితే రంగు పట్టాల్సింది. అది లేత నీలంగా, ఖాళీగా ఉంది. నా ఒంట్లో ఉన్నదేమిటో ఆ రోజు కళ్ళతో చూశాను. భయం తగ్గిందని చెప్పను, కానీ అనుమానం పోయింది.

"ఎన్నాళ్ళు డాక్టరు గారూ?" అని ఆంకాలజిస్టుని అడిగింది మా ఆయన. నాకు నోరు రాలేదు. గిస్ట్‌లో ముందుముందు ఎలా ఉంటుందో చెప్పడానికి మూడు చూస్తారట: గడ్డ ఎక్కడ ఉంది, ఎంత ఉంది, కణాలు ఎంత వేగంగా చీలుతున్నాయి. 5 చదరపు మిల్లీమీటర్లలో 5 కంటే ఎక్కువ కణాలు చీలుతూ కనబడితే ప్రమాదం ఎక్కువ. నా గడ్డ 5 సెంటీమీటర్లు దాటింది. సూదితో తీసిన ముక్క చిన్నది కాబట్టి చీలికల లెక్క నమ్మడానికి లేదు. ఇక చోటు సంగతి. పొట్టలో, పేగులో వచ్చిన కేసులతో కట్టిన పట్టికల్లో అన్నవాహికకి సరైన గడే లేదు, అంత తక్కువ మందికి వస్తుంది. "అంకె చెప్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. జన్యు పరీక్ష రానివ్వండి" అన్నారు. ఆ మాటకి అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆయనంటే గౌరవం.

మూడు వారాల టెన్షన్ తర్వాత ఆ కాగితం వచ్చింది. కిట్ జన్యువు, అందులో ఎక్సాన్ 11 అనే భాగం, 557, 558 స్థానాల్లో లోపం. పడుగులో పక్కపక్కన రెండు పోగులు తెగినట్టు, అక్కడ ప్రోటీన్‌ని కట్టే అమైనో ఆమ్లాలు రెండు లేవు. కిట్ అనేది కణం పెరగడానికి స్విచ్ లాంటిది. బయటి నుంచి కబురు వస్తేనే పడాలి. నాకు అది పడి అలాగే ఉండిపోయింది.

మందు లేకుండా వదిలేస్తే ఈ రకం తిరగబెట్టే అవకాశం ఎక్కువ. కానీ ఆ స్విచ్‌ని ఆపే ఇమాటినిబ్ అనే మందు ఎక్కువకాలం వాడితే బాగా మేలు పొందేదీ ఈ రకమే. ఒకే లైన్‌లో చావు కబురూ చల్లని కబురూ రెండూ ఉన్నాయి. ఆ లైన్ ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఇమాటినిబ్ అసలు రక్త కాన్సర్ కోసం తయారైన మందు. గిస్ట్‌లో కిట్ లోపం ఉంటుందని జపాన్ శాస్త్రవేత్తలు 1998లో కనిపెట్టాక, 2000 మార్చిలో హెల్సింకిలో ఒక మహిళకి మొదటిసారి ఇచ్చారు. ఆమె గడ్డలు తగ్గాయి. అంతకుముందు ఈ జబ్బుకి కీమో పనిచేసేది కాదు. మన దేశంలో మొదట్లో విదేశీ బ్రాండు నెలకి సుమారు 1,20,000 రూపాయలు ఉండేది. 2003లో హైదరాబాద్‌కే చెందిన నాట్కో అనే మందుల కంపెనీ దాన్ని వీనాట్ పేరుతో చాలా తక్కువ ధరకి తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ విదేశీ కంపెనీకి పేటెంట్ ఇవ్వక్కర్లేదని తేల్చింది. ఈ రెండూ జరగకపోతే మా ఇల్లు అమ్మినా సరిపోయేది కాదు.

ముందు మందుతో గడ్డ కుదించి తర్వాత తీద్దామన్నారు, అన్నవాహిక మొత్తం తీసేయాల్సిన పని తప్పుతుందని. 400 మిల్లీగ్రాముల ట్యాబ్లెట్ నాకు మింగుడు పడదు. 200 మిల్లీలీటర్ల నీళ్ళలో వేసి, కరిగేదాకా చెంచాతో తిప్పి, అన్నం తిన్న వెంటనే గటగటా తాగేయాలి. అడుగున మిగిలిన పొడిలో ఇంకాసిని నీళ్ళు పోసి అదీ తాగేదాన్ని. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ చెంచా చప్పుడు వినబడితే అమ్మ టీవీ ఆపేసి వచ్చి పక్కన కూర్చునేది.

రెండు నెలల స్కాన్‌లో గడ్డ దాదాపు అంతే ఉంది. గుండె జారింది. "సైజు కాదు, రంగు చూడండమ్మా, నల్లబడింది. లోపల పస పోతోంది" అన్నారు డాక్టరు గారు. నాలుగో నెలకి అన్నం ముద్ద దిగింది, పప్పన్నం. ఏడో నెలకి గడ్డ మూడున్నర సెంటీమీటర్లకి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో కుడి పక్కటెముకల మధ్య నుంచి చిన్న కోతలతో గడ్డ ఒక్కటే, చిట్లకుండా తీశారు. చిట్లితే తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుందట. అన్నవాహిక మిగిలింది.

ఆ తర్వాత మూడేళ్ళు మళ్ళీ అదే ట్యాబ్లెట్. ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ళలో ఏడాది వాడినవారు అయిదేళ్ళకి 82 శాతం, మూడేళ్ళు వాడినవారు 92 శాతం బతికున్నారని 2012లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. ఆ అంకెని పట్టుకునే పొద్దున లేవగానే ఉబ్బిన కనురెప్పల్ని, అర్ధరాత్రి పిక్కలు పట్టేయడాన్ని ఓర్చుకున్నాను. ఒళ్ళు తెల్లబడింది కూడా. అది మందు ప్రభావం. తెలియనివాళ్ళు "రంగు తేలావే" అంటే నవ్వి ఊరుకునేదాన్ని. లాక్‌డౌన్‌లో పన్నెండు ట్యాబ్లెట్లు మిగిలినప్పుడు తమ్ముడు ఎలాగో గుంటూరు వెళ్ళి తెచ్చాడు. 2022 మేలో ఆపేశారు.

ఆసుపత్రికి ఒంగోలు నుంచి ఒకాయన వచ్చేవారు, ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తాను. ఆయనకీ గిస్ట్ గడ్డే, పొట్టలో. సీడీ 117 రిపోర్టూ నాలాంటిదే. జన్యు పరీక్షలో మాత్రం కిట్ కాదు, పీడీజీఎఫ్‌ఆర్‌ఏ అనే ఇంకో జన్యువులో డీ842వీ అనే మార్పు అని వచ్చింది. ఆ మార్పుకి ఇమాటినిబ్ పనిచేయదు. ఆ పరీక్ష చేయకపోతే ఆయనకీ నాలాగే మూడేళ్ళు ఊరికే ఇచ్చేవారు. గడ్డ తీశాక ఆ రకం తరచుగా నెమ్మదిగానే ఉంటుందట. అందుకని ఆయనకి మందు లేదు, స్కాన్లే. "నీకు మందుంది చెల్లెమ్మా, నాకు ఆ ధైర్యం కూడా లేదు" అన్నారు ఒకసారి. ఏం చెప్పాలో తెలియక ఆయన ఫైల్ నేను పట్టుకుని కూర్చున్నాను.

ఈసారి ఇద్దరి స్కానూ ఒకే వారంలో పడింది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీశాను. ఆయన ఒంగోలులో ఎక్కుతారు, నేను చీరాలలో.